ప్రజాధనము – నదీజలము

గుంటూరు నుండి తెనాలి పోవు దారిలో వడ్లమూడి దాటిన పిదప కృష్ణా పశ్చిమ డెల్టా పచ్చదనము కన్నుల పండువుగా గోచరించును. ఆ పంటకు ప్రాణము ప్రకాశం బ్యారేజి నుండి వచ్చు కాలువ నీరు. ఆ నీటికి, హైదరాబాదు చెంతనున్న ఔషధ కర్మాగారములకు సంబంధమున్నదని మనలో పలువురు తలంపరు.

చిన్న పరిశ్రమల వ్యర్థజలమును ఒక్కచోట శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రములకై 1991లో కేంద్రప్రభుత్వమొక పథకమును చేపట్టినది. నిర్మాణవ్యయములో నాల్గవవంతు కేంద్రము, నాల్గవవంతు రాష్ట్రము భరించునట్లు నిర్ణయించిరి. 2012లో కేంద్రము తన వాటాను సగమునకు పెంచినది. చిన్న పరిశ్రమ ఒంటరిగా మోయలేని భారమును ప్రభుత్వము పంచుకొనుట తప్పని మేమనము. కాని ఈ సహాయము కట్టడమునకే గాని, దానినుండి వెలువడు నీటి స్వచ్ఛతకు కాదు. లోపమంతయు ఇచ్చటనే యున్నది.

పటాన్‌చెరువులోని ఉమ్మడి కేంద్రమునే చూడుడు. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలము అచ్చటికి చేరుచుండెను. శుద్ధియై వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు వాడు రోగి రక్తములో సైతము అంత యుండదు. మురుగును శుద్ధిచేయవలసినవి సూక్ష్మజీవులు. వానిని చంపుటకే పుట్టినది ఆ మందు. చావక మిగిలినవి మందులకు లొంగని క్రిములగును. నక్కవాగు రైతుల గోడు మిన్నుముట్టిన పిమ్మట, ఆ నీటిని 18 కిలోమీటర్ల గొట్టపుమార్గమున అంబర్‌పేటకు మళ్లించిరి. అచ్చటి నుండి అది మూసీలోనికి, మూసీ వాడపల్లి వద్ద కృష్ణలోనికి. ఆ కృష్ణకు దిగువనున్నవారము మనము!

పరిశ్రమల వలన ఉపాధి, చవక మందులు లభించుచున్నవందురు. నిజమే. కాని ఆ చవకదనపు మూల్యమును చెల్లించినది నక్కవాగు ఒడ్డున పొలము పాడైన రైతు.

కావున మా అభిప్రాయమిది: రాయితీని ఇటుకలకు గాక ఫలితమునకు ముడిపెట్టవలెను. వెలువడు నీటిని పరీక్షించి, విడతల వారీగా ధనమీయవలెను. ఆ పరీక్షాఫలితమును దిగువ గ్రామముల పంచాయతీ కార్యాలయములలో తెలుగున ప్రకటించవలెను. నియమము తప్పిన సంస్థ నుండి సొమ్మును వడ్డీతో తిరిగి రాబట్టవలెను.

పారు నది ఒడ్డున కూర్చుండి వజూ చేయునపుడు సైతము నీటిని వృథా చేయరాదని మా పెద్దలు నేర్పిరి. ప్రజల పన్ను ప్రభుత్వము చేతిలో అమానతు. నది మనందరి చేతిలో అమానతు. మొదటిదానిని ఖర్చుచేసి రెండవదానిని పాడుచేసుకొనుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు.