సూదికి ఏం కాదన్న మాట

"గోళీ అయితే కడుపులో మంట. సూదికి ఏం కాదు." పెద్దారవీడు, మార్కాపురం చుట్టుపక్కల నొప్పి మందు గురించి నాటుకుపోయిన నమ్మకమిది. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రామో వార్ఫరినో మింగే మనిషికి ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది.

నొప్పి అబద్ధమని నేననను. పశ్చిమ ప్రకాశంలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కీళ్లు బిగుసుకుపోతాయి. మిరప కోతలో పట్టేసిన నడుముతో మర్నాడూ కూలికి పోవాలి. డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే లేచి నడవగలరు. అందుకే వేయించుకుంటారు.

కానీ ఆ మందు కడుపును చెరిచేది ముఖ్యంగా రక్తంలో కలిశాకే. జీర్ణాశయపు లోపొరను కాచే ప్రోస్టాగ్లాండిన్లను తయారు కానివ్వదు. నోట్లోంచి పోయినా, పిరుదులోంచి పోయినా అదే పని. ప్లేట్‌లెట్లను కూడా ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. అసిట్రామ్ అప్పటికే విటమిన్ కె పనికి అడ్డుపడి, రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించి ఉంచింది. ఇక పుండు పడితే రక్తం ఆగేదెలా? పైగా సూది దిగిన కండలోనే రక్తం గూడు కట్టవచ్చు. ఈ రోగికి సూది గోళీకన్నా మేలు కాదు, ఇంకో ముప్పు.

"గ్యాస్ గోళీ కూడా ఇస్తున్నాం కదా" అంటారు సూది వేసేవాళ్లు. పాంటోప్రజోల్ జీర్ణాశయాన్ని కొంత కాస్తుంది. మెదడులో రక్తస్రావాన్ని ఆపలేదు. రక్తం గడ్డకట్టే తీరును చూసే పరీక్షలో "మొన్నే ఐఎన్‌ఆర్ బాగుంది" అన్న ధీమా కూడా చెల్లదు. ఆ పరీక్ష ప్లేట్‌లెట్ల పనితీరును చూడనే చూడదు.

స్టెంటు వేయించుకుని ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకూ ఇదే ముప్పు. ఈ రోగులకు నొప్పికి డైక్లోఫెనాక్‌కన్నా పారాసెటమాల్ నయం. అయితే షాపులో దాని పేరుతో చేతికొచ్చే బిళ్ళలో డైక్లోఫెనాక్ లాంటిదే అయిన ఎసిక్లోఫెనాక్ కలిసి ఉండవచ్చు. ఉత్త పారాసెటమాల్ అయినా రోజుల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది, డాక్టరుకు చెప్పాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదలకూ గుండె ఆపరేషన్లు అందాయి. ఆపరేషన్ చేసి ఇంటికి పంపేవాళ్లు ఏ నొప్పి మందులు కూడవో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ సిరంజి ఎక్కించే ముందు "గుండెకు ఏమైనా వాడుతున్నావా పెద్దాయనా?" అని అడగాలి. చెప్పకపోవడం రోగి తప్పని తోసేయడం అన్యాయం. సూదికీ వాల్వుకీ సంబంధం ఉందని అతనికి ఎవరు చెప్పారు గనక?

దొడ్డికి తారులా నల్లగా అయినా, తలనొప్పి ఉన్నట్టుండి విపరీతమైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది చదివి భయపడి అసిట్రామ్ మాత్రం సొంతంగా మానేయొద్దు. లోహపు వాల్వు మీద గడ్డ కడుతుంది. మానాల్సింది నొప్పి సూది.