టన్నుల్లో అమ్మి, అడుగుల్లో కొంటున్నాం

వేసవి గాలివాన వెలిసిన మర్నాడు బంగారుపాళ్యం మామిడి తోటల్లో రెండు లెక్కలు నడుస్తాయి. రాలిన తోతాపురి కాయ ఎంత అన్నది మొదటిది. దాని గురించి పత్రికలు రాస్తాయి, అధికారులు వచ్చి రాసుకుపోతారు. పడిన చెట్లెన్ని అన్నది రెండోది. దాన్ని శ్రద్ధగా లెక్కపెట్టేది కట్టెల వ్యాపారి ఒక్కడే. “పడిపోయిన చెట్టుకు ఇంక విలువేముందన్నా, తోట ఖాళీ చేసి పెడతాను, అదే పదివేలనుకో” అంటాడు. రైతు సరేనంటాడు.

ఆ “విలువేముంది” అన్న మాటతోనే నా తగాదా.

గాలికి పడిన చెట్టుకు వేరు తెగింది గానీ మాను చెడలేదు. గట్టు మీద వేపచెట్టునే తీసుకోండి. చుట్టుకొలత 5 అడుగులు, కొమ్మ చీలేదాకా నిడివి 10 అడుగులు. అడితిలో కొలిచే పద్ధతి పాతదే: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి, నిడివితో గుణిస్తారు. 15 ఘనపుటడుగుల పైచిలుకు తేలుతుంది. పొట్టు, పక్కచెక్కలు పోయి 10 మిగిలాయనుకుందాం. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పున్న వాకిలికి, 5 అంగుళాలు 3 అంగుళాల కొయ్యతో గడపతో సహా ద్వారబంధం చేయిస్తే 2 ఘనపుటడుగుల చిల్లర పడుతుంది. అంటే ఆ ఒక్క మానులో నాలుగు ద్వారబంధాలున్నాయి. దాన్ని టన్నుల లెక్కన కట్టెలకు తోలేసిన మనిషే, అదే గాలికి కూలిన పసుల కొట్టాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి చిత్తూరు అడితికి పోయి అడుగుల లెక్కన కొయ్య కొంటాడు. మొదటి నష్టం గాలి చేసింది. రెండోది మన చేతులారా చేసుకున్నది.

రైతు తెలివితక్కువవాడై ఇలా చేయడం లేదు. మానును మిల్లుకు చేర్చాలంటే ఎత్తే యంత్రం, ట్రాక్టరు, కూలీలు, అనుమతి కాగితం కావాలి. ఆ ఖర్చే మాను ధరను మింగేస్తుంది. లోటు చెట్టులో లేదు, దూరంలో ఉంది. మరి బోరు వేయించేటప్పుడు మన నేలను బోరు లారీలున్న తమిళనాడు తిరుచెంగోడుకు తోలుకుపోయామా? తిరుచెంగోడు లారీయే చేలోకి వచ్చింది. వరికోత యంత్రం మడి దగ్గరికే వస్తుంది. రంపం ఒక్కటే మిల్లులో కూర్చుని మానును తన దగ్గరికి రమ్మంటోంది.

ట్రాక్టరు వెనక కట్టుకుని పోగల కోతయంత్రాలు ప్రపంచంలో ఎప్పటినుంచో ఉన్నాయి. రెండు పట్టాల మీద మాను కదలకుండా పడుకుంటుంది, ఇంజనుతో తిరిగే సన్నని పట్టీరంపం దాని మీదుగా నడిచి పలక తీస్తుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అమెరికాలోని పశ్చిమ నార్త్ కరోలినాను ముంచాక, ఇలాంటి యంత్రాలున్న మామూలు మనుషులు వాటిని బండ్లకు కట్టుకుని వచ్చి, పడిన చెట్లను ఉచితంగా కోసిపెట్టారు. అది డబ్బున్న దేశం కథ అంటారా? ఫిలిప్పీన్స్ చూడండి. 2013 నవంబరులో హైయాన్ తుపాను అక్కడ దాదాపు 3.3 కోట్ల కొబ్బరిచెట్లను దెబ్బతీసింది. పడిన మాన్లను అలాగే వదిలేస్తే వాటిలో కొమ్ముపురుగు పెరిగి, నిలిచిన తోటలనూ తినేస్తుంది. అందుకని రైతులకు రంపాలిచ్చి కోయించారు. ఆ కొయ్య కూలిన ఇళ్లకే వాసాలై నిలిచింది. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది, 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చింది. తుపాను తరువాత మన దగ్గరికీ రంపం వస్తుంది గానీ, దారి తీయడానికి వస్తుంది, పలక తీయడానికి కాదు.

ఇక్కడ అడ్డుతగిలే మాట ఒకటుంది: “ఎర్రచందనం జిల్లాలో ఊరూరా తిరిగే రంపమా? దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే.” ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాతే రంపపు మిల్లులకు దేశమంతటా కళ్లెం పడింది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. నీరు, నేల, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికే అనుమతి అడుగుతుంది. ఇవన్నీ నిలిచిన అడవిని, చెట్టును కాపాడడానికి వచ్చినవి, ఉండాల్సినవి. కానీ కలప దొంగతనం నడిచేది దుంగ దారిపట్టాకనే. రంపమే తోటలోకి వస్తే దుంగ దారెక్కదు. వీఆర్వో వచ్చి కూలిన చెట్టును మొదలుతో సహా ఫొటో తీసి, కొలత రాసుకుని, అక్కడికక్కడే కోయిస్తే, ఆ పలకలు ఏ చెట్టువో కాగితం చెబుతుంది. వేపకూ చింతకూ ఎర్రచందనానికీ తేడా ఈ జిల్లాలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. గాలివాన తరువాత గడువు పెట్టి, పేరు నమోదైన యంత్రానికే అనుమతి ఇవ్వడం అధికారులకు చేతకాని పనేమీ కాదు.

“మామిడి కొయ్యకు చేవేదయ్యా” అనేవాళ్ల మాటలో సగం నిజముంది. మామిడితో ఇంటి దూలం వేయమని నేను చెప్పను. వానకు తడిసిన మాను నాలుగు వారాలు పడి ఉంటే నల్లబడుతుంది, పురుగు తొలుస్తుంది. వెంటనే కోసి, బోరాక్సు, బోరికామ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, పలకకూ పలకకూ మధ్య పట్టీలు పెట్టి నీడన ఆరబెడితే సెంట్రింగు పలకలకు, కాయల పెట్టెలకు, బల్లలకు, తలుపు చెక్కలకు పనికొస్తుంది. చేవ లేదు కాబట్టే తొందర కావాలి. ఆ తొందరకే ఊళ్లోకి వచ్చే రంపం కావాలి.

ఈ కోత పని ఊరంతా కలిసి శ్రమదానంగా చేయాలన్నది నా మాట. అలా ఉచితంగా కోస్తే మిల్లువాడి పొట్ట కొట్టినట్టు కాదా? పొయ్యిలోకి పోయే మాను ఏనాడూ మిల్లు గడప తొక్కలేదు. పైగా పలక పుట్టిన చోట వడ్రంగికి పని పుడుతుంది. చెరువు పూడికతీత, గుడి పని కలిసి చేసుకున్న ఊళ్లివి. డీజిలు, రంపపు పట్టీ ఖర్చు చెట్టుగలవాడు పెట్టుకుని, పైకప్పు లేచిపోయిన ఇంటికి పదింట ఒక పలక వదిలితే శ్రమదానం నిలబడుతుంది. ఒక్క షరతు: పడిన మాను వంగిన విల్లులాంటిది, తప్పుచోట కోస్తే ఎగిరి తంతుంది. దారి పక్క చెట్లలో మేకులుంటాయి, రంపపు పట్టీని తెంపుతాయి. కాబట్టి ఉత్సాహం ఉన్నవాళ్లందరినీ కాకుండా, పని నేర్చినవాళ్లనే రంపం దగ్గరికి రానివ్వాలి.

ఈసారి గాలివాన వెలిశాక కట్టెల లారీకి ఫోను చేసేముందు ఒక తాడు తీసుకుని తోటలోకి పోండి. మాను చుట్టూ బిగించి, ఆ తాడును నాలుగుగా మడవండి. ఆ మడత పొడవు చూశాక కూడా “విలువేముంది” అనిపిస్తే, లారీని పిలవండి.