‘సైరాట్’ నుంచి ‘ధడక్’కు వచ్చేసరికి ఇంటిపేరు ఎక్కడ పోయింది?

‘ధడక్’ గురించి మాట వచ్చినప్పుడల్లా మర్యాదస్తులు ఒక మాట అంటారు, ‘సైరాట్’లోని పచ్చిదనం ఇందులో లేదు అని. పచ్చిదనం అనేది వాళ్ళు కులానికి పెట్టుకున్న ముద్దుపేరు.

2016లో నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమాలో ఆర్చీ పాటిల్ ఇంటి పిల్ల. పర్శ్యా చేపలు పట్టి బతికే అణగారిన కులం కుర్రాడు. ఆ ఊళ్ళో బావి ఎవరిది, చెరకు తోట ఎవరిది, ఎవరు ఎవరి ముందు కూర్చోవచ్చు అన్నది మొదటి పాట అయ్యేలోపే మనకి తెలిసిపోతుంది. రెండేళ్ళకి ధర్మా ప్రొడక్షన్స్ దాన్ని హిందీలో తీసింది. కథ ఉదయ్‌పూర్‌కి మారింది. అమ్మాయి నాన్న హోటళ్ళున్న రాజకీయ నాయకుడు, అబ్బాయి నాన్నది రెస్టారెంటు. ఒకటి రెండు డైలాగుల్లో ‘పెద్ద కులం’ అని గొణిగి వదిలేశారు. మరి చివర్లో ఆ కుర్రాణ్ణి, పసిబిడ్డని ఎందుకు చంపారు? సినిమాకే తెలియదు. తండ్రి కోపిష్టి కాబట్టి, అంతే.

తెలుగువాళ్ళకి ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది. ‘సైరాట్’ జంట పారిపోయి వచ్చింది హైదరాబాద్‌కి. అక్కడి బస్తీలో దోసెలు వేసుకుని బతికే ఒక ఆడమనిషి వాళ్ళకి నీడ ఇస్తుంది. పాటిల్ కూతురు తెలుగు నేర్చుకుంటుంది, సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనికి పోతుంది. బుల్లెట్ బండి మీద తిరిగిన పిల్ల కూలి డబ్బులతో సంసారం చేయడం ఎలాగో నేర్చుకోవడం, నా దృష్టిలో ఆ సినిమా రెండో సగానికి ప్రాణం. ప్రేమించడం వేరు, పైకులం సుఖాలు వదులుకోవడం వేరు అని అక్కడే తెలుస్తుంది. ‘ధడక్’లో వాళ్ళు కోల్‌కతా వెళ్తారు. నగరం మారితే నాకేం బాధ లేదు. ఆ బస్తీ బరువు, ఆ కూలి బతుకు మోత తగ్గిపోయాయి, అదీ బాధ.

నా పీహెచ్‌డీ ఈ రీమేకుల మీదే. అందుకే ఇది బాలీవుడ్ కనిపెట్టిన విద్య కాదని చెప్పగలను. హాలీవుడ్ దీన్ని ఎప్పుడో చేసింది. ఫ్యానీ హర్స్ట్ 1933 నవల ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1934లో జాన్ స్టాల్ తీసినదాంట్లో డెలైలా అనే నల్లజాతి పనిమనిషి పాన్‌కేక్ వంటకం చెబితే, తెల్ల యజమానురాలు దానితో కంపెనీ పెట్టి కోట్లు గడిస్తుంది. డబ్బా మీద బొమ్మ డెలైలాది, ఆమెకి ఇస్తానన్న వాటా 20 శాతం. దాన్ని కూడా ఆమె వద్దంటుంది. యజమానురాలు పై అంతస్తుకి, డెలైలా కింది అంతస్తుకి మెట్లెక్కి, మెట్లు దిగి వెళ్ళే షాట్ ఒకటుంది. దోపిడీ గురించి సినిమా ఒక్క మాట అనదు గానీ ఆ మెట్లు చెప్పేస్తాయి. 1959లో డగ్లస్ సర్క్ మళ్ళీ తీసినప్పుడు పాన్‌కేక్ పోయింది, కంపెనీ పోయింది. యజమానురాలు సినీ, నాటక తార అయింది, సొంత ప్రతిభతో పైకొచ్చింది! నల్లజాతి స్త్రీ శ్రమ మీద తెల్ల సంపద కట్టుకున్నారన్న సంగతి రీమేక్‌లో ఎగిరిపోయింది.

ఇంకొకటి. తెల్లగా పుట్టి, తల్లిని దాచుకుని తెల్లజాతిలో కలిసిపోవాలనుకునే కూతురి పాత్రని 1934లో వేసింది ఫ్రెడీ వాషింగ్టన్. ఆమె నిజంగా నల్లజాతి నటి, బయట మాత్రం తన జాతిని ఏనాడూ దాచుకోనన్నది. 1959లో ఆ పాత్ర సుసాన్ కోనర్‌కి ఇచ్చారు. ఆమె తల్లి మెక్సికన్ నటి, తండ్రి యూరప్ యూదుడు. పాతిక సంవత్సరాల్లో నల్లవాళ్ళ కథ మిగిలింది, ఆ పాత్రలో నల్ల మనిషి మిగల్లేదు.

ఇక సర్క్ సినిమాలో నన్ను వదలని దృశ్యం: సారా జేన్ ప్రియుడు ఆమెని సందులోకి లాక్కెళ్ళి, నీ తల్లి నల్లదా అని అడిగి కొడతాడు. ప్రేమ ఒక్క ప్రశ్నకి అయిపోతుంది. నేనుండే కామ్‌రేజ్‌లో ఆ ప్రశ్నకి ఒక్క మాటే. ‘కేవా?’ అంటారు. గుజరాతీలో ‘ఎలాంటివాళ్ళు’ అని అర్థం, అడిగేది కులం. తాపీ ఒడ్డున, హైవే పక్కన సొసైటీలు వరసగా లేచిన చోటు ఇది. ఇల్లు అద్దెకి వెతికినప్పుడు బ్రోకర్ నా చదువు అడగలేదు, జీతం అడగలేదు. కేవా అన్నాడు. తెలుగువాళ్ళం అన్నాను. సూరత్‌లో తెలుగువాళ్ళంటే మగ్గాల మీద పనిచేసే పద్మశాలీలని అతని లెక్క. అతనే ఒక జవాబు ఊహించుకుని తలూపాడు, నేను సరిదిద్దితే ఇల్లు దొరకదని ఇద్దరికీ తెలుసు. సరిదిద్దాను. ఇల్లు దొరకలేదు. మనలో ఎంతమంది రోజూ సారా జేన్‌లా ఊపిరి బిగబట్టి బతుకుతున్నారో ఇంటిపేరు మార్చుకున్న ప్రతి కుటుంబానికీ తెలుసు.

రీమేక్ అంటేనే ద్రోహం అని నేననడం లేదు. సర్క్‌దే 1955 సినిమా ‘ఆల్ దట్ హెవెన్ అలౌస్’లో డబ్బున్న విధవరాలు తోటమాలిని ప్రేమిస్తుంది. ఇద్దరూ తెల్లవాళ్ళే, గొడవ అంతస్తు గురించి, వయసు గురించి. 1974లో ఫాస్‌బిండర్ దాన్ని మ్యూనిక్‌కి తెచ్చి, ఆమెని గదులు తుడిచే ముసలమ్మని, అతన్ని మొరాకో కూలీని చేశాడు. 2002లో టాడ్ హేన్స్ ‘ఫార్ ఫ్రమ్ హెవెన్’లో తోటమాలిని నల్లజాతివాణ్ణి చేశాడు. మొదటి సినిమా నోరెత్తలేని విషయాన్ని రీమేక్ పలికింది. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు. మనవాళ్ళు తిప్పేది ఆ చక్రాన్నే, వెనక్కి. తెలుగులోనూ 2020లో ‘కలర్ ఫొటో’ ప్రేమకి అడ్డం ఒంటి రంగు అని చెప్పి మంచి పేరు, జాతీయ అవార్డు తెచ్చుకుంది. మచిలీపట్నంలో ఒక పోలీసు అన్న చెల్లెలి ప్రేమని చంపాలనుకుంటే అతనికి గుర్తొచ్చే మొదటి విషయం రంగేనా?

‘ధడక్’ 2018 జులైలో వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో బయటికొస్తున్న ప్రణయ్‌ని నరికించారు. ఆ కిరాయి హత్యకి కారణం తండ్రి కోపిష్టితనం అని ఏ వాడలోనైనా చెప్పి చూడండి.

1936లో బాబాసాహెబ్ కుల నిర్మూలనకి అసలు మందు కులాంతర వివాహమే అని రాశాడు. ఆ దశకంలోనే హాలీవుడ్ నియమావళి నల్ల తెల్ల జాతుల మధ్య ప్రేమ తెర మీద కనబడకూడదని కట్టడి చేసింది. ఇద్దరికీ దాని శక్తి తెలుసు. ఒకరు కోరుకున్నారు, ఒకరు భయపడ్డారు. గుజరాత్ ప్రభుత్వానికీ తెలుసు. కులాంతర వివాహాలకి సాయం చేసే పథకానికి డాక్టర్ సవితా అంబేడ్కర్ పేరు పెట్టింది ఈ ప్రభుత్వమే. ప్రేమ పెళ్ళికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేయడాన్ని రాజ్యాంగం ఒప్పుకుంటే పరిశీలిస్తామని 2023 జులైలో మెహసాణాలో పాటీదార్ల సభలో అన్నది ఈ ముఖ్యమంత్రే.

2025లో ‘ధడక్ 2’ వచ్చింది. ‘పరియేరుమ్ పెరుమాళ్’కి రీమేక్, ఈసారి కులం పేరు ఎత్తారు. సెన్సార్ బోర్డు దానిలోని కులం మాటల మీదే కత్తెర వేసింది. దళిత కుర్రాడి పాత్రకి మేకప్‌తో రంగు తగ్గించారన్న విమర్శా వచ్చింది. ఆ పాత్రకి ఒక దళిత నటుణ్ణి ఎందుకు వెతకలేదని నిర్మాతల్ని అడగాలి. దాని తెలుగు రీమేక్ హక్కులు ఎవరైనా కొంటే, హీరో ఇంటిపేరు ఏమిటో ముందే అడగాలి.