దీవికి ఎందరు అతిథులు?

తెలుగు కుటుంబానికి ప్రయాణమంటే ఒకప్పుడు తీర్థయాత్రో, బంధువుల ఇంట పెళ్ళో, పండుగకు సొంతూరి పయనమో. తీర్చవలసిన మొక్కు గాని, హాజరు కావలసిన శుభకార్యం గాని లేకుండా, భార్యాబిడ్డలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో ఒక దీవికి వెళ్ళి, కొబ్బరిచెట్ల నీడన నాలుగు రోజులు ఊరికే కూర్చొని రావడమన్నది మధ్యతరగతి జీవితంలో ఇటీవల ప్రవేశించిన అలవాటు. దీనిని విలాసమని కొట్టిపారేయనక్కరలేదు. ఏడాది పొడవునా ఉరుకులు పరుగులతో గడిపే కుటుంబానికి విశ్రాంతి అవసరమే. పగడాల నడుమ తిరుగాడే చేపలను కళ్ళారా చూడటం పిల్లలకు చదువులో భాగమే. అయితే ఆ విశ్రాంతికి చోటిచ్చే దీవి ఎందరి భారాన్ని మోయగలదన్న ప్రశ్నను మనం తగినంత శ్రద్ధతో చర్చించలేదు.

చర్చకు అవకాశం రాకపోలేదు. 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ లక్షద్వీప్‌లో పర్యటించిన దరిమిలా మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు చేసిన అనుచిత వ్యాఖ్యలు వివాదం రేపాయి. అక్కడి ప్రభుత్వం వారిని సస్పెండ్ చేసినప్పటికీ మన పర్యాటకుల ఆగ్రహం చల్లారలేదు. 2023లో రెండు లక్షల మందికి పైగా భారతీయులు ఆ దేశానికి వెళ్ళి విదేశీ పర్యాటకుల్లో ప్రథమ స్థానంలో నిలవగా, 2024లో ఆ స్థానం చైనాకు దక్కింది. మాల్దీవులకు బదులు లక్షద్వీప్‌కు పోదామన్న పిలుపు దేశమంతటా వినిపించింది. స్వదేశంలోని దీవులపై మమకారం మంచిదే. కాని ఆ రెండు లక్షల మందీ నిజంగానే లక్షద్వీప్ దారి పడితే ఏమవుతుందో లెక్కవేసినవారు తక్కువ.

36 దీవుల లక్షద్వీప్ మొత్తం భూవిస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు. వాటిలో జనావాసం ఉన్నవి పదే. 2011 జనగణన ప్రకారం జనాభా 64 వేలు. అంటే చదరపు కిలోమీటరుకు రెండు వేల మందికి పైగా నివసిస్తున్నారన్న మాట. నదులు లేని ఈ దీవుల్లో పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. బావుల్లో ఊరేది ఆ నీరే. దానిని మితిమీరి తోడితే అడుగునున్న సముద్రజలం పైకి వచ్చి బావులు ఉప్పుబారతాయి. ఈ కొరత తీర్చేందుకే 2005లో కవరత్తి దీవిలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కేంద్రాన్ని నెలకొల్పారు. తరువాత మరికొన్ని దీవుల్లోనూ ఇటువంటివి వచ్చాయి. కవరత్తి కేంద్రం సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు. 2011 నాటికి ఆ దీవి జనాభా 11 వేలు. తలకు తొమ్మిది లీటర్లు, అంటే తాగడానికి, వంటకు మాత్రమే చాలే నీరు! రోజుకు వందల లీటర్లతో స్నానాలు చేసే అతిథికి ఆ నీరు ఎక్కడి నుంచి తేవాలి?

దీవికి రక్షణగా నిలిచిన పగడపు దిబ్బల పరిస్థితి అంతకన్న ఆందోళనకరం. 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో సముద్రం వేడెక్కి పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. ఈ వేడికి దీవికి వచ్చే పర్యాటకులే కారణమనడం సబబు కాదు. కాని శుద్ధిచేయని మురుగు, పడవల లంగర్లు, నిర్మాణాల కోసం జరిపే తవ్వకాలు పగడాలకు తిరిగి కోలుకునే శక్తి లేకుండా చేస్తాయి. అలల తాకిడిని అడ్డుకునే ఆ దిబ్బ క్షీణిస్తే నష్టపోయేది సెలవులు ముగించుకొని వెళ్ళిన అతిథి కాదు, అక్కడే ఉండవలసిన జాలరి కుటుంబం.

మాల్దీవుల అనుభవం మన కళ్ళెదుట ఉంది. 1972లో తొలి విడిది కేంద్రం తెరచిన ఆ దేశానికి 2024లో 20 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. దేశ జనాభా సుమారు ఐదు లక్షలే. పర్యాటకం ఆ దేశానికి ఆదాయం తెచ్చిన మాట వాస్తవం. అయితే 2014 డిసెంబరులో రాజధాని మాలెలోని నీటి శుద్ధి కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు నగరం తాగునీటికి అల్లాడింది. భారతదేశం విమానాలలో, నౌకలలో నీరు పంపి ఆదుకుంది. పోగుపడిన చెత్త కోసం తిలఫుషి అనే దీవినే కేటాయించవలసి వచ్చింది. మనం మాల్దీవులతో పోటీపడదలిస్తే ఈ ఇబ్బందులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అతిథుల సంఖ్యకు పరిమితి విధిస్తే దీవులు సంపన్నుల సొత్తవుతాయనీ, స్థానిక యువతకు ఉపాధి దక్కదనీ కొందరు వాదించవచ్చు. ఈ వాదనలో బలం లేకపోలేదు. కాని గదికొక ఈతకొలను గల విలాస విడిదిలో బస చేసే నలుగురు వాడే నీటితో సామాన్యమైన అతిథిగృహంలో ఎన్నో కుటుంబాలు గడపగలవు. కనుక పరిమితిని గదుల అద్దెతో కాక, నీటితో, మురుగుతో ముడిపెట్టాలి. బసలో కొంత భాగం దీవి వాసుల ఇళ్ళకే కేటాయిస్తే ఆదాయం వారికి నేరుగా అందుతుంది. 2021లో పరిపాలనా యంత్రాంగం తెచ్చిన అభివృద్ధి ముసాయిదాపై దీవులన్నీ నిరసన తెలిపినది తమ భూమి చేజారుతుందన్న భయంతోనే. ఆ భయాన్ని తొలగించకుండా చేపట్టే పర్యాటకం నిలవదు.

అండమాన్ విషయంలో ఇది తెలుగువారికి మరింత దగ్గరి ప్రశ్న. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. విశాఖ నుంచి అక్కడికి నౌకలు నడుస్తున్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌లో వేసవి నీటి ఎద్దడి కొత్త కాదు. సెలవులకు వెళ్ళే మన కుటుంబాలు అక్కడ వాడే నీరు అక్కడి మన బంధువుల వంతు నీరే.

లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి ముందస్తు అనుమతి నేటికీ తప్పనిసరి. ఆ అనుమతిని దీవుల నీటి లెక్కకు జోడించడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. ఒక్కొక్క దీవి ఏడాదికి ఎందరిని భరించగలదో నిర్ణయించి, ఆ సంఖ్యను ముందుగా ప్రకటించి, ఆ తరువాతే కొత్త విడిదులకు అనుమతులివ్వడం ప్రభుత్వ కర్తవ్యం. సెలవులకు వెళ్ళే కుటుంబం తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోవడం, నీటిని ఇంటివారిలా పొదుపుగా వాడటం అలవరచుకోవాలి. మన పిల్లలు తమ బిడ్డలను అదే తీరానికి తీసుకువెళ్ళాలంటే ఈ కట్టుబాటు నేడే మొదలుకావాలి.