చిట్టెలుక కన్నీళ్లతో మనకేం పని?

చిట్టెలుక పిల్ల తల్లి కడుపులో ఉండేది సుమారు 20 రోజులు. అందులో 13, 14 రోజుల నడుమ, కంటి బయటి మూలన, రెప్ప లోపలి పొర నుంచి ఒక సన్నని మొగ్గ లేస్తుంది. అదే సాగి, కొమ్మలు వేసి కన్నీటి గ్రంథి అవుతుంది. దాన్ని మొలిపించేది ఎఫ్‌జీఎఫ్10 అనే గ్రోత్ ఫ్యాక్టర్ జన్యువు. చుట్టూ ఉన్న కణజాలం ఆ జన్యువు చెప్పినట్టు ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. పొరలోని కణాలు దాన్ని అందుకొని అటువైపు పెరుగుతాయి. పాక్స్6 అనే మరో జన్యువు ఆ కణాలను ముందుగా సిద్ధం చేసి ఉంచాలి.

ఇదంతా 2000లో వచ్చిన పరిశోధనల్లో తేలింది. ఎఫ్‌జీఎఫ్10 లేని ఎలుకలకు ఈ గ్రంథి మొలవనే లేదు. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల వాళ్లు దీన్నే తిరగేసి చూశారు. కంటి కటకం నుంచే ఆ ప్రోటీన్ ఊరేటట్టు చేస్తే, పారదర్శకంగా ఉండాల్సిన కార్నియా పొర గ్రంథిగా మారింది!

ఎలుకల కండ్లు కోస్తే జనానికి ఒరిగేదేమిటని ఎత్తిపొడిచేవాళ్లకు ఐదేళ్లలోనే జవాబు దొరికింది. కన్నీళ్లు రాక, నోట్లో తడి లేక, పండ్లు పుచ్చిపోయే అరుదైన వంశపారంపర్య జబ్బుకు మూలం ఈ జన్యువులోని లోపమేనని 2005లో స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు కనుగొన్నారు. రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చాలు, జబ్బు వస్తుంది. ఎలుకల్లోనూ అంతే.

మన హైదరాబాద్ ఈ కథకు దూరమేమీ కాదు. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో గీతా వేముగంటి తదితరులు మనిషి కన్నీటి గ్రంథి కణాలను ప్రయోగశాలలో పెంచారు. అవి లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ వంటి కన్నీటి ప్రోటీన్లను స్రవించాయని 2012లో ప్రకటించారు. మందులు వికటించి కండ్లు పూర్తిగా ఎండిపోయిన కొందరికి పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను కంట్లో అమర్చే శస్త్రచికిత్స కూడా అక్కడ చేస్తున్నారు. ఉమ్మి గ్రంథి కంటికి అక్కరకు రావడం వింతేమీ కాదు, రెండింటి పుట్టుకలోనూ ఎఫ్‌జీఎఫ్10 చెయ్యి ఉంది. గ్రంథినే కొత్తగా పెంచి ఇచ్చే రోజు రావాలంటే, అది ఎట్లా పుడుతుందో తెలియాలి. అందుకే ఎలుకల మీద పెట్టే ఖర్చు దండుగ కాదు.

ఇక రోజువారీ కంటి మంటల సంగతి. నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెట్‌కు బండి తోలే మనిషికి కండ్లు మండితే కారణం చాలాసార్లు దుమ్మో, ఎండో, రాత్రి నిద్ర లేకపోవడమో అయి ఉంటుంది, జన్యువు కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే మాత్రం కంటి ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు. కండ్లతోపాటు నోరు కూడా ఎండుతుంటే ఆ రెండు సంగతులూ కంటి డాక్టరుకు కలిపి చెప్పండి.