మైకో పంపు నుంచి పసుపు లైటు దాకా

మా ఇంట్లో లారీ మాట రాకుండా ఏ పండగా గడవదు. తాతయ్య విజయవాడ, బెంగుళూరు మధ్య పాతికేళ్ళకు పైగా లారీ నడిపారు. ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు, మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు, ఆ తర్వాత ముల్బాగల్, కోలారు. ఈ ఊళ్ళ పేర్లు మా నాన్నవాళ్ళకి ఎక్కాల కంటే ముందే వచ్చాయి. ఆ లారీయే మమ్మల్ని కన్నడ దేశానికి తెచ్చింది. ఇవాళ బెళ్ళందూరులో మా మూడో తరం పిల్లలు తెలుగులో అలిగి, కన్నడలో ఆటో మాట్లాడుకుని, ఇంగ్లీషులో హోంవర్కు చేస్తున్నారంటే, దానికి మూలం ఆ ఆరు చక్రాలే.

లారీ ఆగిపోవడం అప్పట్లో వింత కాదు. ఆగకుండా వెళ్తేనే వింత. తాతయ్య సీటు కింద పెట్టెలో నాలుగు స్పానర్లు, ఒక టెస్టు బల్బు, కాస్త రాగి తీగ, రబ్బరు ట్యూబు ముక్కలు, ఒక బట్టల సబ్బు ఉండేవి. సబ్బు చేతులు కడుక్కోడానికి అనుకునేరు. డీజిల్ ట్యాంకు చెమర్చితే అక్కడ రుద్ది, ఊరు చేరేదాకా నెట్టుకొచ్చేందుకు. డీజిల్ లైనులో గాలి పట్టిందంటే క్లీనరు కుర్రాడు దిగి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టేవాడు. బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ రాగానే బిగించేవాడు. అంతే, బండి స్టార్టు. ఆ డీజిల్ పంపు మన బెంగుళూరు సరుకే. 1951లో మొదలై, 2008లో బాష్ అని పేరు మార్చుకున్న మైకో కంపెనీది. ఇప్పటికీ అడుగోడి వైపు వెళ్తే ఇంట్లో పెద్దవాళ్ళు "మైకో" అనే అంటారు. ఆ పంపు విప్పి బిగించడం వచ్చినవాడికి దారి పొడవునా మర్యాద ఉండేది.

ఇదంతా చెప్పి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చడం మా ఉద్దేశం కాదు. ఆ లారీ వెనక నల్లటి పొగ తెరలా లేచేది. తాతయ్య చివరి ఆరేళ్ళూ దగ్గుతోనే గడిపారు. ఆ దగ్గు విన్నవాళ్ళెవరూ పాత ఇంజన్ల మీద పాట కట్టరు.

కిందటి చలికాలం మేము పిల్లల్ని తీసుకుని గండికోట, బెలుం గుహలు చూద్దామని బయలుదేరాం. డీజిల్ పికప్, వెనక గుడారం, గ్యాసు పొయ్యి, రెండు క్యాన్ల నీళ్ళు, చక్రాల పొడి ఒక డబ్బా. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి కొడికొండ దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చాం. పెనుకొండ దాటాక పసుపు లైటు వెలిగింది. ఐదు నిమిషాల్లో బండి సత్తువ పోయింది. యాక్సిలరేటరు నేలకు తొక్కినా నలభై దాటదు. వెనక నుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతుంటే, పిల్లలు మాట్లాడటం మానేశారు. 44వ నంబరు హైవే మీద, చీకటి పడే వేళ, నలభైలో వెళ్ళడం ఎంత భయమో చెప్పలేం.

ఇంజను చెడిపోలేదు. కంప్యూటరే దాని గొంతు నొక్కింది. ఎందుకో కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు 50 నుంచి 10కి దిగింది. పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచి, వేడెక్కినప్పుడు కాల్చేసే వడపోత వచ్చింది. చాలా బళ్ళకి దాంతో పాటు యూరియా నీళ్ళ ట్యాంకూ వచ్చింది. మామూలుగా యాడ్‌బ్లూ అంటాం, లారీవాళ్ళు "యూరియా" అంటారు. వందకు 32.5 పాళ్ళు యూరియా, మిగతా శుద్ధి చేసిన నీళ్ళు. అది వేడి పొగలోకి చిమ్మితే విషపు నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతాయి. నిజంగా గొప్ప పని. అయితే ఖర్చు మిగుల్చుకుందామని యూరియా పొయ్యకుండా నడిపేవాళ్ళుంటారు కదా. అందుకని, ఏ సెన్సరు తేడా చెప్పినా బండి బలం తగ్గించమని కంప్యూటరుకు ముందే నేర్పి పెట్టారు. చిక్కల్లా ఏమిటంటే, డ్రైవరు దొంగో, సెన్సరు వైరు తెగిందో ఆ కంప్యూటరుకు తెలియదు. శిక్ష మాత్రం ఒకటే.

కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే రేపు ఉదయం టోయింగ్ పంపుతామన్నారు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి కనబడితే అక్కడికి చేర్చాం. అరవై దాటిన మెకానిక్. తన దగ్గరున్న చిన్న స్కానరు పెట్టి చూశాడు. అంకె చూపించింది గానీ, అర్థం చూపించలేదు. అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండే కోడ్లు కొన్నుంటాయి, కంపెనీ తనకంటూ పెట్టుకున్నవి కొన్నుంటాయి. మాది రెండో రకం. ఆయన స్కానరు పక్కన పడేసి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. ఇరవై నిమిషాలకి బయటికొచ్చి నవ్వాడు.

"ఎలకలు కొరికినాయి సార్. బండి యాడ పెడతారు?"

మా అపార్టుమెంటు బేస్‌మెంటులో. కోటి రూపాయలకు పైబడిన ఫ్లాట్ల కింద కాపురముండే ఎలుకల గురించి అసోసియేషన్‌కి మూడు మెయిళ్ళు పెట్టాం, అది వేరే కథ. పొగ గొట్టం సెన్సరు నుంచి వచ్చే సన్నటి వైరు తెగింది. ఆయన దాన్ని అతికి, స్లీవు తొడిగి, కట్టి, మళ్ళీ కొరక్కుండా గొట్టంలో దూర్చాడు. రిపేరు అయిపోయింది. కానీ లైటు ఆరలేదు! బలం రాలేదు. తప్పు సరిదిద్దామని కంప్యూటరుకు చెప్పాలంటే కంపెనీ లాప్‌టాప్ కావాలి, దానికి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు కావాలి. మర్నాడు నలభైలోనే అనంతపురం దాకా పాక్కుంటూ వెళ్ళాం. అక్కడ ఐదు నిమిషాల పని. బిల్లు మాత్రం పెనుకొండ పెద్దాయన తీసుకున్నదానికి పదింతలు.

మాకు పోయింది ఒక రాత్రి, కొంత డబ్బు. అదే షెడ్డులో మాకంటే ముందు నుంచీ ఉన్న మనిషి సంగతి వేరు. కోలారు వైపు తెలుగాయన, సొంత లారీ, తనే డ్రైవరు. టమాటా లోడుతో ఉత్తరానికి వెళ్తూ ముందురోజే ఆగిపోయాడు. యూరియా ట్యాంకు నిండుగా ఉంది, కంప్యూటరు మాత్రం అందులో తేడా ఉందంటుంది. టెక్నీషియను వస్తాడు, వస్తాడు అంటున్నారు. కింది వరస క్రేట్ల నుంచి అప్పటికే రసం కారుతోంది. "పండు ఆగతాదా సార్? బాడిగ పాయె, కంతు తేదీ మాత్రం ఆగదు" అన్నాడు. క్లీనరు కుర్రాడికి ఇవ్వాల్సిన బత్తా మాత్రం జేబులోంచే తీసి ఇచ్చాడు. మా పిల్లలకి రెండు టమాటాలు కోసి, ఉప్పు చల్లి పెట్టాడు.

ఆ రాత్రి ఆయనే చెప్పాడు. ఒక చిన్న డబ్బా దొరుకుతుందట. బిగిస్తే "అంతా బాగుంది" అని కంప్యూటరుకు అబద్ధం చెబుతూ ఉంటుంది. యూరియా అక్కర్లేదు, లైటు రాదు, బండి ఆగదు. ఎంతకో, ఎక్కడో కూడా చెప్పాడు. అవి ఇక్కడ రాయం, దారి చూపించినట్టవుతుంది. అది చట్టవిరుద్ధమని ఆయనకీ తెలుసు. "ఈ తూరి ఇల్లు చేరితే ఏపించేస్తా" అన్నాడు. తప్పు అని చెప్పబోయి, కారుతున్న క్రేట్లను చూసి ఊరుకున్నాం.

మేము ఇదంతా రాయడానికి కారణం ఆ మాటే. రిపేరుకు తాళం వేస్తే గాలి శుభ్రపడుతుందని కంపెనీలూ, అధికారులూ అనుకుంటున్నారు. జరుగుతున్నది తలకిందులుగా ఉంది. నిజాయితీగా బాగు చేయించుకునే దారి రెండు రోజులూ, మోసం దారి అరగంటా అయితే, అప్పు మీద బతికే మనిషి ఏ దారి పడతాడు? ఒక్కసారి ఆ డబ్బా ఎక్కిందంటే దిగదు. బీఎస్-6 లారీ పేరుకే బీఎస్-6.

మేము పొగకు కొమ్ము కాస్తున్నామని ఎవరూ అనుకోకండి. బెళ్ళందూరు వాళ్ళం. చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద స్కూటర్ల మీద పడటం, 2017 ఫిబ్రవరిలోనూ 2018 జనవరిలోనూ ఆ చెరువే మంటలు అంటుకోవడం చూసినవాళ్ళం. పట్టించుకోకపోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. యూరియా ఉండాలి, వడపోత ఉండాలి. వాటిని బాగుచేసే విద్య మాత్రం పెనుకొండ షెడ్డులో కూడా ఉండాలి.

ఇది కొత్త కోరికేం కాదు. 2014 ఆగస్టులోనే మన కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి మెకానిక్కులకు విడిభాగాలూ, లోపాలు కనిపెట్టే పరికరాలూ అందకుండా చేస్తున్నారని తప్పుపట్టింది. అది అప్పీళ్ళలోకి వెళ్ళింది, షెడ్డుదాకా రాలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, మసాచుసెట్స్‌లో 2012లోనే జనం ఓటేసి మరీ వాహనాల రిపేరు హక్కు తెచ్చుకున్నారు. 2025 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థే, యూరియా లోపాలకు బండి ఉన్నట్టుండి చతికిలబడకుండా సాఫ్ట్‌వేరు సవరించమని తయారీదారులకు చెప్పింది. అంటే, కట్టుదిట్టం వదలకుండానే కాస్త గడువు ఇవ్వచ్చన్నమాట.

కోడ్లు బయటపెడితే దొంగలకు తాళం ఇచ్చినట్టేనని కంపెనీలు అంటాయి. బ్రేకులు, బండి తాళం సంగతైతే ఒప్పుకుంటాం, అవి దాచుకోండి. "ఫలానా సెన్సరు నుంచి కబురు రావడం లేదు" అన్న ముక్కలో రహస్యం ఏముంది? వైరు అతికాక ఆ హెచ్చరిక తుడిచేస్తే కంపెనీకి పోయేదేముంది, ఆ ఐదు నిమిషాల బిల్లు తప్ప?

ఈలోగా డీజిల్ బండిలో దూరాలు తిరిగే మన కుటుంబాలకు మా అనుభవం కొంత. ఒక క్యాను యాడ్‌బ్లూ వెంట ఉంచుకోండి, ఎండలో పెట్టకండి. లడఖ్ వైపు వెళ్తే అది సున్నాకు 11 డిగ్రీలు దిగువన గడ్డకడుతుందని గుర్తుంచుకోండి. గడ్డకట్టినదాన్ని కరిగించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది, కంగారుపడక్కర్లేదు. బ్యాటరీ దిగిపోతే దయతో లారీ ఆపినవాళ్ళ నుంచి వైరు తగిలించుకోకండి. వాళ్ళది 24 వోల్టులు, మనది 12, ఒక్క క్షణంలో కంప్యూటరు కాలిపోవచ్చు. చాసీ మీద వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ తీయించండి. అన్నిటికంటే ముఖ్యం, తాతయ్యలా ఇంజను తిరుగుతుండగా డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూడటం ఇప్పుడు పనికిరాదు. కొత్త ఇంజన్లలో అక్కడి ఒత్తిడి 1600 బార్లు కూడా దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకు పోతుంది. పాత చేతివాటం ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి. మా పెదనాన్నకు మూడుసార్లు చెప్పాం.

పొద్దున మేము బయలుదేరేటప్పుడు మెకానిక్ పెద్దాయన మా బండి మీది కేఏ నంబరు చూసి అడిగాడు. "బెంగుళూరులో అంతా సాఫ్ట్‌వేరోళ్ళే కదా సార్. ఈ బండ్లకు కంప్యూటరు రాసేటోళ్ళూ ఆడనే ఉంటారంట. ఆ కోడ్ల పుస్తకం ఒకటి దొరికితే పంపిస్తారా? తెలుగులో లేకున్నా పర్వాలే, మనవడు చదువుతాడు."

ఇంటికొచ్చాక మా టవరులోనే విచారించాం. అలాంటి పని చేసేవాళ్ళు ఇద్దరు తేలారు. ఒకరిది గుంటూరు, ఒకరిది ధర్మవరం. ఇద్దరూ ఫిల్టరు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ కోడ్లు కొన్ని తమ చేతి మీదుగా వెళ్ళినవేనని గుంటూరాయన ఒప్పుకున్నాడు. ఆఫీసులో సంతకం పెట్టిన కాగితం ఉంది, ఇవ్వడానికి లేదన్నాడు. ధర్మవరం అబ్బాయి మాత్రం ఆ షెడ్డు సరిగ్గా ఎక్కడుందని అడిగాడు. సంక్రాంతికి ఊరికి ఆ దారినే వెళ్తాడట.