తుంటిలో చీము.. జాప్యమే గండం

కొండవీడు: కొండవీటి కోటకు ఘాట్‌రోడ్డు పడింది. రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 ఆగస్టు నుంచి తిరుగుతోంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి గంట ప్రయాణం. అయినా పిల్లవాడు చెట్టు పైనుంచి పడి కాలు మోపలేకపోతే ముందు నూనె మర్దన, ఆపైన నాటు కట్టు అన్న అలవాటు పల్లెల్లో పూర్తిగా పోలేదు. తుంటి విషయంలో ఈ జాప్యం చెల్లదు.

పిల్లల్లో విరిగే ఎముకల్లో తుంటి వాటా నూటికి ఒకటి కన్నా తక్కువ. అరుదు కాబట్టే అనుమానం రాదు. తొడ ఎముక తలకు రక్తం తెచ్చే సన్నని నాళాలు దాని మెడను అంటుకునే సాగుతాయి. మెడ విరిగితే అవీ తెగే ప్రమాదముంది. దానికి చీము తోడైతే కీలులోని మృదులాస్థి కొద్ది రోజుల్లోనే దెబ్బతింటుంది. ఒక్కోసారి వరుస తిరగబడుతుంది. రక్తం ద్వారా చేరిన సూక్ష్మజీవులు ముందే ఎముకను తొలిచేయగా, చిన్నపాటి జారుడుకే అది విరుగుతుంది. జ్వరం, కాలు తాకనివ్వకపోవడం, నడవనని మొరాయించడం.. ఈ మూడూ కలిస్తే బెణుకని సరిపెట్టుకోరాదు.

ముందు శుద్ధి.. తర్వాతే అతుకు

చీమున్న చోట కొత్త ఎముక పెడితే నిలవదు. అందుకే తొలుత కీలు తెరిచి కుళ్లిన భాగాన్ని తొలగిస్తారు. చీమును పరీక్షకు పంపి, ఏ మందుకు లొంగుతుందో చూసి వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇస్తారు. రక్తపరీక్షలు కుదుటపడ్డాకే రెండో దశ. పిల్లవాడి పిక్కలో ఉండే ఫిబులా అనే సన్నని ఎముక నుంచి ముక్క తీసి, విరిగిన మెడలో దూలంలా నిలుపుతారు. పైపొరను ఉంచి తీస్తే పిల్లల్లో అక్కడ ఎముక మళ్లీ పెరిగే అవకాశముంది. ఇంత చేసినా ఎదుగుదల పొర దెబ్బతిని కాలు పొట్టి కావచ్చు. ఎముక తల పూర్తిగా కరిగిపోతే ఈ అతుకుకు ఆధారమే ఉండదు.

కూలి లెక్క ఎవరిది?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం పేదల శస్త్రచికిత్స ఖర్చు భరించేందుకు పుట్టింది. ఈ చికిత్సలో శస్త్రచికిత్సలు కొన్ని గంటల పనే, మిగిలిందంతా నెలల నిరీక్షణ. నడుము నుంచి పాదం దాకా పిండికట్టులో ఉన్న బిడ్డను ఎత్తి దించాలంటే తల్లి మిరప కోతలు మానుకోవాలి. 2019 డిసెంబరులో గుంటూరులోనే ప్రారంభమైన ఆసరా కింద విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5 వేలు నిర్ణయించారు. ఆ లెక్క వేసింది రోగి విశ్రాంతికే గానీ పక్కన కూర్చునే తల్లి కూలికి కాదు. మందుల మధ్యలోనే బిడ్డను ఇంటికి తీసుకువెళ్లే కుటుంబాలను నిర్లక్ష్యమని తేల్చేయడం తేలిక. పరీక్ష తేదీకి గుంటూరు వెళ్లివస్తే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు పోతాయన్నది మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.